ఓడ ఆగిన ఒక్క పగటిలో గైరాంగెర్ కొండదారి నడిచి, వేళకు తిరిగి రావడం ఎలా?

సౌతాంప్టన్ నుంచో, హాంబర్గ్ నుంచో నార్వే క్రూయిజ్‌కు టికెట్లు తీసుకున్న తెలుగువారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే. "ఓడ గైరాంగెర్‌లో ఏడెనిమిది గంటలు ఆగుతుంది. ఓడవాళ్ళు అమ్మే టూరు కొనకుండా, మా అంతట మేమే కొండెక్కి జలపాతం చూసి రాగలమా?" రాగలరు. నేను రెండుసార్లు వెళ్ళి వచ్చాను. ఒకసారి చక్కగా, ఒకసారి గుండె దడతో. ఆ రెండింటికీ తేడా కాళ్ళ బలంలో లేదు, గడియారం చూసుకున్న తీరులో ఉంది. కాబట్టి ఈ వ్యాసంలో దారి గురించి ఎంత చెబుతానో, సమయం గురించి అంతే చెబుతాను.

నిటారు కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సన్నని సముద్రపు పాయను ఫియోర్డ్ అంటారు. గైరాంగెర్ ఫియోర్డ్ పొడవు సుమారు 15 కిలోమీటర్లు. దీనినీ, దక్షిణాన ఉన్న నేరోయ్ ఫియోర్డ్‌నూ కలిపి యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఫియోర్డ్ చిట్టచివర నీటి ఒడ్డున ఉన్న చిన్న పల్లె గైరాంగెర్. స్థిరంగా ఉండేవారు కొన్ని వందల మందే అయినా, పెద్ద ఓడ వచ్చిన రోజు వేలమంది ఒకేసారి దిగుతారు. మనం వెళ్ళే చోటు స్టోర్‌సేటర్‌ఫోసెన్ జలపాతం. నార్వే భాషలో ఫోసెన్ అంటే జలపాతమే. ఎత్తు 30 మీటర్ల వరకూ మాత్రమే ఉన్నా, పడుతున్న నీటి వెనక నుంచి నడవగలిగే వీలుండడం దీని ప్రత్యేకత. రేవు నుంచి నడిచి వెళ్ళి రావడానికి దాదాపు 10 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు 500 మీటర్ల పైచిలుకు.

మీ శక్తికి ఒక కొలత

తిరుమల కొండ నడిచి ఎక్కినవారికి ఈ అంచనా సులువు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఉన్నాయి. శ్రీవారి మెట్టు దారిలో పెద్దగా ఆయాసపడకుండా ఎక్కగలిగినవారు ఈ జలపాతం దాకా వెళ్ళగలరు. అయితే ఒక్క తేడాను మరువవద్దు. తిరుమలలో కాళ్ళు నొప్పెడితే బస్సులో కిందికి రావచ్చు. ఇక్కడ మాత్రం ఎక్కిన మోకాళ్ళే దిగాలి, అదీ తడిసిన రాళ్ళ మీద. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికి నేను ఈ దారిని సూచించను. వారికి తగిన ప్రత్యామ్నాయాలు చివర్లో రాశాను.

కావలసినవి

- షెంజెన్ వీసా. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్ ప్రాంతంలో ఉంది. బ్రిటన్‌లో నివాస అనుమతి, అమెరికాలో గ్రీన్ కార్డు ఉన్నా భారత పాస్‌పోర్టు గలవారికి ఈ వీసా తప్పనిసరి. విజిటర్ వీసా మీద బ్రిటన్‌కు వచ్చి అక్కడ ఓడ ఎక్కేవారికి, తిరిగి బ్రిటన్‌లో అడుగుపెట్టడానికి ఆ వీసా కూడా ఒకటికన్నా ఎక్కువ ప్రవేశాలకు చెల్లేదై ఉండాలి.
- అడుగున లోతైన గాడులున్న బూట్లు. అరిగిపోయిన జాగింగ్ బూట్లు, చెప్పులు, కొత్తగా కొని ఒక్కసారి కూడా తొడగని బూట్లు ఈ దారికి పనికిరావు. కనీసం రెండు వారాల పాటు తొడుక్కుని నడిచిన బూట్లనే తీసుకువెళ్ళండి.
- టోపీ ఉన్న వానకోటు, ఒక పలుచని ఉన్ని లేదా ఫ్లీస్ స్వెట్టరు. గొడుగు వద్దు, కొండ మీద గాలికి అది తిరగబడుతుంది, ఒక చెయ్యి ఎప్పుడూ దానికే అంకితమైపోతుంది. జీన్స్ కూడా వద్దు. తడిస్తే బరువెక్కుతాయి, త్వరగా ఆరవు.
- మనిషికి ఒక లీటరు నీరు. నార్వేలో కుళాయి నీరు నిశ్చింతగా తాగవచ్చు కనుక ఓడలోనే సీసా నింపుకోండి. దారి పక్క వాగు ఎంత తేటగా కనిపించినా, పైన మేకలూ గొర్రెలూ మేస్తుంటాయి కాబట్టి ఆ నీరు తాగకండి.
- ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీ చిక్కీ, బిస్కెట్ల వంటి సీలు వేసిన పొట్లాలు. ఓడలోని బఫే నుంచి పళ్ళు, పాలపదార్థాలు, మాంసం ఒడ్డుకు తీసుకువెళ్ళకండి. చాలా ఓడల్లో దానికి అనుమతి ఉండదు.
- ఓడ కార్డు, ఫొటో గుర్తింపు పత్రం, బ్యాంకు కార్డు. నార్వేలో చిన్న దుకాణంలో కూడా కార్డు చెల్లుతుంది కనుక క్రోనర్ నోట్లు మార్చుకోనవసరం లేదు. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులను ఓడవారే ఉంచుకుంటారు. అలాంటప్పుడు పాస్‌పోర్టు, వీసా పేజీల ఫొటోలు ఫోనులో ఉండాలి.
- ముళ్ళున్న మామూలు చేతి గడియారం. ఎందుకో రెండో మెట్టులో చెబుతాను.

1. లెక్కను చివరి నుంచి మొదలుపెట్టండి

ముందు రోజు రాత్రి గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో రెండు వేళలు చూడండి: అందరూ ఓడ ఎక్కవలసిన వేళ, చివరి టెండర్ పడవ (ఒడ్డుకూ ఓడకూ మధ్య మనుషులను చేరవేసే చిన్న పడవ) ఒడ్డు నుంచి బయలుదేరే వేళ. ఓడ కదిలే వేళ మీకు అక్కరలేదు, దానిని నమ్ముకుని లెక్క వేయకండి. ఒక ఉదాహరణ చూద్దాం. చివరి టెండర్ సాయంత్రం 4:30కి అనుకోండి. ఆఖరి గంటలో రేవులో క్యూ చాలా పొడవుగా ఉంటుంది కాబట్టి, మీరు 3:30కే రేవులో ఉండాలి. జలపాతం నుంచి రేవుకు దిగడానికి కుటుంబంతో నడిచేవారికి రెండు గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం 1:30 మీ తిరుగు వేళ. ఎక్కడున్నా సరే, 1:30 కాగానే వెనక్కి తిరగాలి.

ఇప్పుడు ఎక్కే సమయం చూడండి. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట అన్నది కొండలెక్కేవారు వాడే పాత సూత్రం. దీని ప్రకారం మన దారికి ఒక గంటా 50 నిమిషాలు కావాలి. ఆ సూత్రం ఆగకుండా నడిచే ఆరోగ్యవంతుడి కోసం కట్టింది. పిల్లలు, ఫొటోలు, వానకోటు తొడగడం, విప్పడం అన్నీ కలుపుకుంటే రెండుంపావు గంటలు వేసుకోండి. పైన ఒక అరగంట ఉండాలంటే 10:45కు మించకుండా రేవు నుంచి నడక మొదలుపెట్టాలి. అప్పటికి ఒడ్డున దిగడమే వీలుకాదని తేలితే, ఈ నడకను వదిలి, చివర్లో రాసిన వాటిలో మూడో ప్రత్యామ్నాయాన్ని ఎంచుకోండి.

ఈ లెక్కను కాగితం మీద రాసి, మీతో వచ్చే ప్రతి ఒక్కరికీ చూపించండి. తిరుగు వేళ ఒక్కరి మనసులోనే ఉంటే, పైకి వెళ్ళాక "ఇంకొక్క పది నిమిషాలు" అన్న మాటను కాదనడం చాలా కష్టం.

2. గడియారాన్ని ఓడ వేళకు పెట్టి, ఇక ముట్టుకోకండి

నార్వే సమయం బ్రిటన్ కన్నా ఒక గంట ముందుంటుంది. కొన్ని ఓడలు నార్వే వేళకు మారతాయి, కొన్ని మారవు. మీ ఫోను మాత్రం ఒడ్డు సిగ్నలు అందగానే తనంతట తానే మారిపోవచ్చు. ఓడ పత్రంలో రాసిన ప్రతి వేళా ఓడ సమయమే. అందుకే చేతి గడియారం కావాలన్నాను. ఒడ్డుకు దిగే ముందు ఓడలోని గోడ గడియారంతో సరిచూసుకోండి.

ఆ పత్రం మీదే రేవులో ఓడ తరఫున పనులు చూసే పోర్ట్ ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. దానిని ఫొటో తీసుకోండి. ఓడ తప్పిపోతే మొదట పిలవవలసినది ఆయననే. తరువాతి రేవుకు చేరే ఖర్చు పూర్తిగా మీదే అవుతుంది. ఫియోర్డ్ ప్రాంతంలో అది ఒకటి రెండు రోజుల ప్రయాణం కూడా కావచ్చు.

3. ఉదయాన్నే వాతావరణం చూడండి

నార్వే వాతావరణ సంస్థ, ఆ దేశ ప్రభుత్వ ప్రసార సంస్థ కలిసి నడిపే "యర్" యాప్‌లో గైరాంగెర్ పేరు పెట్టి గంట గంటకూ చూడండి. వాన పడుతుందా లేదా అన్నదానికన్నా, ఏ గంటలో ఎంత పడుతుందన్నది ముఖ్యం. సన్నని జల్లు ఈ పడమటి తీరంలో మామూలు విషయం. దానికి ఆగిపోనవసరం లేదు. ఎడతెగని పెద్ద వాన, బలమైన గాలి ఉంటే పైకి వెళ్ళకండి.

రేవులో వేడిని చూసి కొండను అంచనా వేయకండి. ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది. చెమట పట్టిన ఒంటికి జలపాతం తుంపర తగిలితే జూలైలో కూడా వణుకు పుడుతుంది. మే, జూన్ నెలల్లో పై కొండల మంచు కరగడం వల్ల జలపాతాలన్నీ నిండుగా ఉంటాయి, కానీ బాటంతా బురదగా ఉంటుంది. ఆగస్టు చివరికి బాట ఆరుతుంది, నీరు సన్నబడుతుంది. ఏ నెల మంచిదని అడిగితే, తడిసిన బాటనైనా భరించి జూన్‌లోనే వెళ్ళమంటాను.

4. ఒడ్డుకు ముందుగా చేరండి

గైరాంగెర్‌లో పెద్ద ఓడలు సాధారణంగా ఫియోర్డ్ మధ్యలోనే నిలుస్తాయి. ఒక ఓడకు తేలే వంతెన దొరుకుతుంది. అప్పుడు నేరుగా నడిచి దిగవచ్చు. మిగిలిన ఓడలవారు టెండర్ పడవల్లో రావాలి. టూరు కొన్నవారిని ముందు పంపి, తక్కినవారికి వరుస నంబర్లు ఇవ్వడం మామూలు. ఆ నంబరు చీటీలు ఎక్కడ, ఎన్ని గంటలకు ఇస్తారో ముందు రోజే కనుక్కోండి. అల్పాహారం ముగించుకుని, బూట్లు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని క్యూలో నిలబడండి. చీటీ తీసుకున్నాక మళ్ళీ గదికి వెళ్ళి సర్దుకుందామనుకునేవారు ఒక గంట పోగొట్టుకుంటారు.

5. రేవు నుంచి 327 మెట్లు

రేవు నుంచి పైకి వెళ్ళే రోడ్డు ఇరుకు; బస్సులు తిరుగుతూనే ఉంటాయి. దానిని వదిలి, ఊరి మధ్యలో దూకుతున్న స్టోర్‌ఫోసెన్ పక్కనే కట్టిన మెట్లదారి పట్టండి. 327 మెట్లు. నీటికి చాలా దగ్గరగా వెళుతుంది కాబట్టి, జారుతుందేమోనని కమ్మీ పట్టుకునే నడవండి. పైన నార్వే ఫియోర్డ్ కేంద్రం వస్తుంది. మరుగుదొడ్లు అక్కడ ఉన్నాయి. వాడుకోండి, ఈ పైన అంత వీలుగా దొరకవు.

సరిచూసుకునే మొదటి చోటు ఇదే. రేవు నుంచి ఇక్కడికి అరగంటలోపు వచ్చి ఉంటే మీ వేగం సరిపోతుంది. ముప్పావు గంట పట్టిందంటే, లేదా ఇప్పటికే ఎవరికైనా ఆయాసం ఎక్కువైందంటే, జలపాతం వరకూ నడిచి వెళ్ళాలన్న ఆలోచనను ఇక్కడే మార్చుకోండి. ఇంకా నాలుగింతలు ఎక్కవలసి ఉంది.

6. వెస్టెరోస్ పొలం వరకు

హోటల్ యూనియన్ దాటిన తరువాత సూచిక ఫలకాలను అనుసరించి వెస్టెరోస్ అన్న పొలానికి చేరాలి. ఫలకం మీద ఈ పేరులో ఏ అక్షరం నెత్తిన చిన్న సున్నా ఉంటుంది. నార్వేలో ఆ అక్షరాన్ని "ఓ" అని పలుకుతారు. తెలియక "వెస్టెరాస్" అని అడిగినా అర్థం చేసుకుంటారు, కానీ ఫలకం చదివేటప్పుడు ఇది గుర్తుంటే దారి తప్పరు. పొలం 300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. ఇక్కడి నుంచి ఫియోర్డ్ వైపు చూస్తే, ఉదయం మీకు నగరంలా కనిపించిన ఓడ బొమ్మలా ఉంటుంది.

ఇది ఒకరి జీవనాధారమైన నేల. నార్వేలో సాగులో లేని ప్రకృతిలో ఎవరైనా నడవవచ్చన్న హక్కును 1957 నాటి చట్టం గుర్తించింది, అయితే పొలం మీదుగా వెళ్ళేటప్పుడు బాట దిగకూడదు. మీరు తెరిచిన గేటును మీరే మూయాలి. మేకలకు తినిపించకండి. రాళ్ళు ఒకదానిపై ఒకటి పేర్చి గుర్తుగా పెట్టే సరదా మనవారిలో కొందరికి ఉంది. అది ఇక్కడ వద్దు. కొండల్లో రాళ్ళ గుట్టలు, ఎర్ర రంగు "టీ" అక్షరం దారి చూపే గుర్తులు. సరదాకు కట్టిన గుట్ట పొగమంచులో మరొకరిని దారి తప్పిస్తుంది.

రెండోసారి సరిచూసుకోండి: బయలుదేరి ఒక గంటా 20 నిమిషాల లోపు ఇక్కడికి చేరి ఉండాలి.

7. జలపాతం, దాని వెనక

పొలం నుంచి గంటలోపు నడక. బాట ఏటవాలుగా ఉంటుంది. నిటారుగా ఉన్నచోట రాతి మెట్లు పరిచారు. నార్వే కొండల్లో ఇలాంటి రాతి మెట్లు చాలాచోట్ల నేపాల్ నుంచి వచ్చిన షెర్పాల చేతిపని. ఒక్కొక్క బండ ఎంత నిశ్చలంగా కూర్చుందో గమనించి, అడుగు పూర్తిగా ఆనించి వెయ్యండి. ఎదురుగా దిగి వచ్చేవారికి పక్కకు తొలగే చోట కొండ వైపు నిలబడండి, లోయ వైపు కాదు.

జలపాతం పైభాగానికి ముందు చేరుతారు. నీటి వెనక్కి వెళ్ళాలంటే కొంచెం దిగాలి. ఈ కొద్ది మీటర్లే మొత్తం దారిలో అన్నిటికన్నా జాగ్రత్త కోరేవి. బండ నిత్యం తడిగా ఉంటుంది. పట్టుకోవడానికి గొలుసు ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి ఫోను సంచీలో పెట్టి, సంచీ మూసి దిగండి. ఒకరి తరువాత ఒకరు వెళ్ళండి. ఎత్తుకోవలసిన వయసు పిల్లలతో వెళ్ళకండి; ఒకరు పైన పిల్లలతో ఉండి, తరువాత మారండి. లోపల నిలబడ్డాక ఎదురుగా నీటి తెర, దాని చప్పుడు తప్ప మాట వినపడదు. ఫొటో బాగా రాదు. ఫొటో కోసం కాక, ఆ చప్పుడులో ఒక్క నిమిషం నిలబడడం కోసమే నేను మళ్ళీ వెళ్ళాను.

8. తిరుగు వేళ కాగానే దిగండి

దిగేటప్పుడు అలసిన కాళ్ళు తొందరపడతాయి. చిన్న అడుగులు వెయ్యండి, మోకాళ్ళు కొద్దిగా వంచి ఉంచండి. అడ్డదారులు ఎంత దగ్గరగా కనిపించినా పట్టకండి.

దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే వైద్య సహాయానికి 113, పోలీసులకు 112 నంబరు. "యెల్ప్ 113" అన్న నార్వే యాప్‌ను ముందుగా ఫోనులో ఉంచుకుంటే, మీరు పిలిచినప్పుడు మీరున్న చోటు కూడా వారికి తెలుస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

అన్నిటికన్నా పెద్దది, జలపాతం దగ్గరకు వచ్చేశామని తిరుగు వేళను జరపడం. మొదటిసారి నేను చేసినది ఇదే. నీరు పడే చప్పుడు వినిపిస్తోంది, ఇంకా పావుగంటే అనుకుని ముందుకు వెళ్ళాము. చూసి, దిగడం మొదలుపెట్టేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని పూడ్చడానికి పరుగు లాంటి నడకతో దిగుతూ మా తమ్ముడు తడి మెట్టు మీద జారి చెయ్యి గీసుకున్నాడు. చివరి టెండర్ అందింది, కానీ ఆ రెండు గంటల్లో చుట్టూ ఏముందో మాలో ఎవరమూ చూడలేదు. నార్వేవారు కొండ నియమాలని తొమ్మిదింటిని పాటిస్తారు. అందులో ఎనిమిదోది, వేళకు వెనక్కి తిరగాలని, అందులో సిగ్గుపడవలసింది లేదని చెబుతుంది. కొండల్లోనే పుట్టి పెరిగినవారు రాసుకున్న నియమం అది.

రెండోది, వెలుగును నమ్మడం. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుగు ఉంటుంది. సాయంత్రం నాలుగు మనకు మిట్టమధ్యాహ్నంలా తోస్తుంది. ఆకాశాన్ని కాదు, గడియారాన్నే చూడండి.

మూడోది, కింద ఏదైనా తిందాంలే అని ఖాళీ కడుపుతో ఎక్కడం. ఓడ ఉన్న రోజు ఊళ్ళోని కాఫీ దుకాణాలు కిక్కిరిసి ఉంటాయి. పైగా శాకాహారులకు దొరికేవి తక్కువ; వాఫుల్ మీద జామ్, మేకపాల విరుగుడుతో చేసే గోధుమరంగు చీజ్ వేసి ఇస్తారు, అది బాగుంటుంది. సూపు మాత్రం చేపదై ఉండే అవకాశం ఎక్కువ, అడిగి తీసుకోండి.

నడవలేనివారికి, నడవడం కుదరని రోజుకు

మొదటిది, వెస్టెరోస్ దాకా టాక్సీలో వెళ్ళి, అక్కడి నుంచి మాత్రమే నడవడం. ఎక్కుడు సగానికి పైగా తగ్గుతుంది. తిరుగు టాక్సీ వేళను దిగేటప్పుడే ఖాయం చేసుకోండి.

రెండోది, పెద్దలతో దాల్స్‌నిబ్బా శిఖరానికి బస్సులో వెళ్ళడం. దాదాపు 1,500 మీటర్ల ఎత్తు వరకూ రోడ్డు ఉంది. ఊళ్ళో మబ్బు తక్కువగా ఉన్నా పైన ఏమీ కనిపించకపోవచ్చు కనుక, టికెట్టు కొనేముందు పైన కనిపిస్తోందో లేదో అడగండి.

మూడోది, 327 మెట్లు, ఫియోర్డ్ కేంద్రం, 1842లో కట్టిన ఎనిమిది భుజాల తెల్ల చర్చి. రెండు గంటల్లో నిదానంగా పూర్తవుతుంది.

స్కాగెఫ్లో గురించి కూడా చాలామంది అడుగుతారు. నీటికి 250 మీటర్ల ఎత్తున కొండ అంచున ఉన్న, ఇప్పుడెవరూ నివసించని పొలం అది. పన్నులు వసూలు చేసేవాడు వస్తే పైవారు నిచ్చెన లాగేసుకునేవారని కథగా చెప్పుకుంటారు. నార్వే రాజదంపతులు 1993లో తమ పెళ్ళి రజతోత్సవాన్ని అక్కడే జరుపుకున్నారు. దారి మాత్రం నిటారు, పడవ వేళలకు కట్టుబడాలి. ఓడ దిగిన రోజు కుటుంబంతో అక్కడికి వెళ్ళకండి.

మీ ఓడ ఫ్లోమ్‌లో ఆగితే, బ్రెక్కెఫోసెన్ జలపాతానికి నడక దీనికన్నా చిన్నది. అక్కడి 20 కిలోమీటర్ల కొండ రైలు 866 మీటర్ల ఎత్తులోని మీర్‌డాల్ వరకూ వెళుతుంది. ఓడలున్న రోజుల్లో టికెట్లు అయిపోతాయి కాబట్టి ముందే కొనండి.

9. ఓడ ఎక్కాక

బూట్లలో పాత కాగితాలు కుక్కి ఆరబెట్టండి, మర్నాడు మరో రేవులో అవి కావాలి. తరువాత వేడి టీ తీసుకుని, ఓడ కదలకముందే డెక్ మీదికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఓడ ముక్కు వైపు ముఖం పెట్టి నిలబడితే, కుడివైపు సప్త సోదరీమణుల జలపాతం వస్తుంది, దానికి ఎదురుగా ఎడమవైపు వరుడని పిలిచే జలపాతం. మీరు ఎక్కకుండా వదిలిన స్కాగెఫ్లో కూడా ఆ ఎడమవైపే, కొండ అంచున చిన్న ఇళ్ళుగా కనిపిస్తుంది. కుడివైపు కమ్మీ దగ్గర చోటు త్వరగా నిండిపోతుంది, పది నిమిషాలు ముందే వెళ్ళండి.